మల్లయ్య పాదాలు, సత్తెమ్మ చేయి

కొత్త ఎలక్ట్రిక్ దుప్పటికి మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు ఒక వాసన వస్తుంది. ఉతకని బట్ట, వేడెక్కిన ప్లాస్టిక్కు కలిసిన వాసన. ఈ చలికాలం మా అత్తమ్మ కోసం కరీంనగర్‌లో ఒకటి కొన్నాను. కొట్టాయన రంగులు చూపిస్తుంటే నేను ఐఎస్ఐ గుర్తు వెతికాను, కొంతసేపటికి దానంతట అదే ఆగిపోతుందా అని రెండుసార్లు అడిగి ఆయన్ని విసిగించాను. ఇంటికొచ్చి పరుపు మీద పరిచి స్విచ్ వేయగానే ఆ వాసన వచ్చింది, సత్తెమ్మ గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదిలాబాద్‌లో ఆమె ఇంటి ముందు గదిలో అద్దెకుండేదాన్ని. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. పప్పు ఉడికిందని నేను చెప్పినా తాను మెదిపి చూస్తే గాని పొయ్యి ఆర్పేది కాదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఆమె భర్త మల్లయ్య చాలా ఏళ్లు దుబాయిలో పనిచేసి షుగరు జబ్బుతో తిరిగొచ్చాడు. ఆ ఎండలకు అలవాటు పడిన ఒంటికి ఆదిలాబాద్ చలి అసలు పడేది కాదు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ పోయింది. చెప్పు ఊడిపోయినా తెలియక అలాగే నడిచేవాడు. అప్పటికే ఒక వేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే తీయాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ చలికాలం దుబాయిలో ఉన్న కొడుకు, ఊరికి వస్తున్న స్నేహితుడి చేత ఎలక్ట్రిక్ దుప్పటి పంపాడు. దాని ప్లగ్గుకు పలకల్లాంటి చదునైన పిన్నులు, మన గుండ్రటి రంధ్రాల సాకెట్లో పట్టవు. మల్లయ్య ప్లగ్గును కోసిపారేసి, వైరు కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చాడు.

“దుబాయిల మేముండే క్యాంపుల గిట్లనే పెట్టుకునేటోళ్లం. ఏం గాలే,” అన్నాడు.

“గాడ నడిచింది గీడ నడ్వది. తియ్ ముందుగాల,” అంది సత్తెమ్మ. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి సరైన ప్లగ్గు బిగించేదాకా దాన్ని ముట్టనివ్వలేదు.

ఆ సాయంత్రమే మల్లయ్య దాని మీద పడుకున్నాడు. కాళ్లకే చలి ఎక్కువని కింది కొసను మడతపెట్టి పాదాల కింద వేసుకున్నాడు, పైన బరువైన గల్ఫ్ కంబళి కప్పుకున్నాడు. మంచిగుందా పెద్దబాపూ అని గుమ్మంలోంచి అడిగాను.

“మంచిగనే ఉంది బిడ్డా. జర వేడే తక్వ,” అంటూ మీట తిప్పి వేడి పెంచుకున్నాడు.

రొట్టెలు చేస్తున్న సత్తెమ్మ ఆ మాట విని, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కంబళి కింద చేయి పెట్టింది. వెంటనే వెనక్కి లాక్కుని ప్లగ్గు పీకేసింది. కంబళి తీసి చూస్తే మడమ ఎర్రగా కమిలి బొబ్బ లేచింది. మా ఇద్దరి ముఖాలూ చూసి, “ఏమైందే?” అని అడిగాడు మల్లయ్య. కాలిన కాలు ఆయనదే.

ఆ బొబ్బ పుండై, మానేసరికి ఎండలు ముదిరాయి. పాదం దక్కింది. మళ్లీ చలి మొదలయ్యాక సత్తెమ్మ దుప్పటిని ఎక్కడా మడత లేకుండా పరిచి, పక్క వెచ్చబడ్డాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, చేత్తో అంతా తడిమి చూసి, అప్పుడు భర్తను పిలిచేది.

“కొడుకు పంపిండే. అది నడుస్తుండంగ ఒక్కనాడన్న పండుకోనియ్యవా?”

“నీ కాళ్ల మాట నేను నమ్మ. నా చెయ్యి చెప్తది.”

కొన్నాళ్లు అలిగాడు. ఒక సాయంత్రం పక్క మీద వాలి, మెల్లగా అడిగాడు.

“నా కాళ్లు వెచ్చగున్నయానే?”

ఆమె కంబళి కింద చేయి పెట్టి రెండు పాదాలూ పట్టుకుంది. “ఉన్నయ్. పండుకో.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చి నా గదిలోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు సుల్తానాబాద్ నుంచి మా బాపుది ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట, “నాకేమైంది బిడ్డా, మంచిగున్న.” సరే బాపూ అంటాను. ఆదివారం బస్సెక్కి పోయి నా కళ్లతో చూసొస్తాను.