దేవుని కోడికి జబ్బు చేసిన ఏడాది

మా చిన్నప్పుడు బోధన్‌లో మా పెరట్లో ఆరు కోళ్లుండేవి... ఐదు మావి, ఒకటి దేవునిది.

ఆ ఏడు వానాకాలంలో మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. వాడు లేచి తిరిగితే కోత పండుగకు ఎర్ర పెట్టను చర్చిలో కానుకగా ఇస్తానని అమ్మ మొక్కుకుంది. వాడు లేచాడు. ఆ రోజు నుంచి ఆ పెట్ట మాది కాదు, దాని గుడ్లూ మావి కావు. వారం వారం గుడ్డలో చుట్టి పాస్టరమ్మ గారింటికి పంపేది.

దేవుని సొమ్ము కుక్కకో ముంగిసకో చిక్కకూడదని అమ్మ దాన్ని మిగతా కోళ్లతో తిరగనిచ్చేది కాదు. స్నానాల గది వెనక, చల్లని నీడలో గుంజకు కట్టేసి, అక్కడే నూకలు చల్లేది. మా అన్నంలోనైనా రాయి తగిలేదేమో కానీ, దాని నూకల్లో ఒక్క రాయి ఉండేది కాదు.

అయినా అది చిక్కిపోసాగింది... నెత్తి మీది ఎర్రటి జుట్టు పాలిపోయింది, రెక్కలు జారేసింది.

ఒక శనివారం దాని గుడ్డొకటి బీటలు వారింది. పాడైపోతుందని అమ్మ గిన్నెలో కొట్టింది. తెల్లసొనలో సేమ్యా పోగులాంటిది ఒకటి... నేను చూస్తుండగానే మెల్లగా మెలి తిరిగింది.

అమ్మ గిన్నె కింద పెట్టి, నేరుగా తమ్ముడి దగ్గరికి పోయి నుదురు తాకి చూసింది. పురుగు పట్టిన కానుకను దేవుడు తోసేస్తాడేమో, ఇచ్చిన ఆరోగ్యాన్ని వెనక్కి తీసుకుంటాడేమో అని ఆమె భయం. పైకి అనలేదు. కానీ ఆ రోజు నుంచి వాడి నుదుటి మీద ఎన్నిసార్లు చేయి పెట్టిందో...

మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమెకు ఇదంతా చిన్న సంగతి.

"ఇంకో ఎర్ర పెట్ట ఉంది గద, గదాన్ని పట్టుకపో. ఎవలకు ఎర్కైతది?"

"ఎవలకు మొక్కిననో ఆయనకు ఎర్కైతది గదత్తమ్మా" అంది అమ్మ.

పక్కింటి మహబూబీ ఖాలాను పిలుచుకు రమ్మని నన్ను పంపింది. ఖాలా భర్త పశువుల దవాఖానలో పని చేసేవాడు. వీధిలో ఎవరి కోడికి ఏమైనా ఆమే వచ్చేది. వచ్చి, గుడ్డును కాదు, కోడి కాళ్ల కింది నేలను చూసింది. తడి ఆరని నల్లమట్టి, దాని మీద నెలల తరబడి పడిన రెట్ట.

"నీ దేవుని కోడికి జైలేసినవ్ గదనే సుగుణా. ఏం తప్పు చేసింది పాపం?"

తర్వాత నిదానంగా చెప్పింది. కడుపులోని ఏలికపాములు కూడా గుడ్లు పెడతాయట. అవి రెట్టలో పడి, తడిలో, నీడలో పక్వానికి వస్తాయట. కంటికి కనబడవట. తిరిగే కోళ్లు ఒకచోట మేసి ఇంకోచోట రెట్ట వేస్తాయి. ఇదేమో తన కాళ్ల కింద పడ్డవాటినే నూకలతో పాటు మళ్లీ మళ్లీ ఏరుకు తింది.

నేను ఒట్టికాళ్లతో రెండడుగులు వెనక్కి వేశాను. కనబడని గుడ్లు... ఆ మట్టి నిండా! అంతవరకూ దేవుడు చేసినవన్నీ కంటికి కనబడతాయనుకునేదాన్ని.

"మంచి జాగనే అనుకున్న ఖాలా..." అంది అమ్మ.

పాస్టరమ్మ గారి కోసం దాచిన గుడ్లను ఇంట్లోకి తెమ్మంది ఖాలా. తలుపు మూసింది. పెంకుల సందులోంచి సన్నగా దిగే ఎండకు ఒక్కో గుడ్డును అడ్డం పెట్టింది. గుడ్డు ఎర్రటి దీపమైంది! లోపల పచ్చసొన నీడ మెల్లగా తిరుగుతోంది. ఒక్కదాంట్లోనూ పోగు కనబడలేదు. అయినా కనబడనంత మాత్రాన లేనట్టు కాదని, అన్నీ పాతిపెట్టమంది. గుడ్డులోకి పురుగు రావడం తన ఎరుకలో ఇది రెండోసారేనట.

సాయంత్రం నుంచి కోడికి నీళ్లు ఆపి, పొద్దున్నే దవాఖాన మందు కలిపిన నీళ్లు పెట్టారు. చేదు తెలియకుండా, మేం బాపు అని పిలిచే నాన్న చక్కెర ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కాస్త కలిపారు. దప్పికతో గటగటా తాగేసింది.

మర్నాడు, కోడి కింద పరిచిన బూడిద మీద పడ్డవి చూశాను... తెల్లగా, వేలంత పొడుగు, ఒకదానికొకటి చుట్టుకొని గుప్పెడు. ఇన్నింటిని కడుపులో మోస్తూ, వాటికి తిండి పెడుతూ, ఆ పెట్ట గుడ్లు కూడా పెట్టిందా! అమ్మ చేతులు జోడించి దేవునికి స్తోత్రం అంది. పురుగుల్ని చూసి స్తోత్రం చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ మట్టి తవ్వి, సున్నం చల్లి, నీడ కోసం కట్టిన తడికె తీసేసి ఎండ పడనిచ్చారు. అమ్మ తాడు విప్పేసింది. రోజంతా వంటింటి కిటికీలోంచి తొంగి చూసేది కానీ, మళ్లీ కట్టలేదు. పండుగ నాటికి దాని జుట్టు మందారంలా ఎర్రబడింది.

చర్చిలో ఎన్నడూ నోరు తెరవని మా అమ్మ, ఆ రోజు కోడిని పట్టుకొని అందరి ముందు నిలబడింది.

"అయ్యగారూ, దీనికి రోగమొచ్చింది. నా తప్పుతోనే వచ్చింది. మందేసి బాగుచేసినం. ఇది దేవునికి పనికొస్తదా?"

పాస్టర్ అయ్యగారు కోడిని రెండు చేతులా అందుకున్నారు.

"బాగుచేయబడ్డోళ్లమే గదమ్మా, ఈడ కూసున్నోళ్లందరం."

డబ్బు చర్చికి చేరేలా వేసే కానుకల వేలంలో దాన్ని పాస్టరమ్మ గారే తీసుకున్నారు. అమ్మ గేటు దాకా వెంట నడిచి, "కట్టెయ్యకుండ్రి అమ్మగారూ... తిరగనియ్యుండ్రి" అని మెల్లగా చెప్పి వచ్చింది. ఇంటికి రాగానే తమ్ముడు ఎదురొచ్చాడు. ఆ రోజు అమ్మ వాడి నుదురు తాకి చూడలేదు.

ఇప్పుడు మా ఇంటికి గుడ్లు అట్ట ట్రేలో వస్తున్నాయి... శుభ్రంగా, అన్నీ ఒకే సైజులో. ఏ కోడి పెట్టిందో తెలియదు, అది ఒక్కసారైనా ఎండలో తిరిగిందో లేదో తెలియదు. మీ పెరట్లో పేరు పెట్టి పిలుచుకున్న కోడి, దానికి జబ్బు చేస్తే పరుగున వచ్చిన పక్కింటివాళ్లు గుర్తున్నారా? కింద రాయండి... తీరిగ్గా కూర్చొని చదువుకుంటాను.