పక్కింటి కుక్కర్ కూత

మొన్న మంగళవారం నాకు భిక్ష వేశారండీ! నిజం! ఇస్త్రీ చీరలో ఉన్నాను, మెళ్ళో కాలేజీ ఐడీ కార్డు కూడా ఉంది. అయినా వేశారు. ముందు మీరు నవ్వేయండి, తర్వాత చెప్తాను.

నరసన్నపేటలో బీఈడీ పిల్లలకి నేను సైకాలజీ చెప్తానని మీకు తెలుసు కదా. నేనుండే మేడ మీద రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నేనొక్కదాన్నే. రెండోదాంట్లో కిందటి నెల దాకా పారమ్మ పిన్ని వాళ్ళుండేవారు. చుట్టరికమేం లేదు, పిలుపే. సాయంత్రం ఆవిడ కుక్కర్ కూతేసేది. కాసేపటికి నడిమి గోడ మీద దబదబా చరిచేది.

"ఒసే పాపా, గిన్నట్టుకుని రాయే!"

వెళ్ళి గుమ్మంలో నిలబడి "ఏటి పిన్నీ ఈవేళ?" అనేదాన్ని. ఓ రోజు ఎండు నెత్తళ్ళ చేపలు వేసిన వంకాయ, ఓ రోజు పనసపొట్టు. కూర పెట్టేసి ఊరుకునేదా? కాలేజీలో ఎవరేమన్నారో అంతా చెప్పించుకుని గాని వదిలేది కాదు.

బాబాయికి రైల్వేలో పలాస ట్రాన్స్‌ఫరైంది. సామాన్లు వ్యానెక్కించుకుని వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. వంటా మానేశాను. ఒక్క మనిషికి ఏం పోపు పెడతాం చెప్పండి? బ్రెడ్డు, అరటిపండు, పడక.

మంగళవారం క్లాసులో కుక్క పాఠం. గంట కొట్టి కుక్కకి తిండి పెడుతూ ఉంటే, కొన్నాళ్ళకి తిండి లేకపోయినా గంట వినగానే దానికి నోరూరుతుంది కదా, అదీ పాఠం. "మనుషులకీ ఇంతేనా మేడం?" అని ఓ అమ్మాయి అడిగింది. "మనిషికి ఆలోచన ఉంటాదమ్మా, ఆపుకుంటాడు" అని గొప్పగా చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, పక్కనుంచి కుక్కర్ కూత!

అంతే. నోట్లో నీళ్ళు! ఆలోచనా లేదు, పాడూ లేదు. గిన్నె ఎప్పుడు తీశానో, గడప ఎప్పుడు దాటానో నాకే తెలీదు. పక్క తలుపు తట్టి, తెరుచుకోగానే "ఏటి పిన్నీ ఈవేళ?" అనేశాను.

ఎదురుగా ఓ నడివయసు మగమనిషి! లుంగీ, బనీను, మొహం నిండా షేవింగ్ నురగ. ఆ పొద్దున్నే దిగాడట, నాకేం తెలుసు?

"ఏటి?" అన్నాడు.

"ఏటీ లేదండీ..."

"మరి పిన్నంటే ఎవులండీ?"

ఆయన నా మొహం చూశాడు, గిన్నె చూశాడు, ఐడీ కార్డు చూశాడు. ఏదో తెలిసిపోయినట్టు తలూపాడు. "ఓహో, గుడి కమిటీయా అమ్మా? ఉండండి." లోపలికెళ్ళి రెండు గుప్పిళ్ళ బియ్యం తెచ్చి నా గిన్నెలో పోసి దండం పెట్టాడు.

కాదండీ, నేను మీ పక్కింటిదాన్ని అని చెప్పొచ్చా లేదా? నేనేం చేశానో తెలుసా? "శుభం" అని దీవించి వచ్చేశాను!

తలుపేసుకుని పిన్నికి ఫోన్ చేశాను. అంతా విని ఊపిరాడనట్టు నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది.

"నానూ నిన్న కుక్కర్ దింపి గోడ సరిసీసేనే పాపా."

"అటేపు ఎవరున్నారు పిన్నీ?"

"ఎవులూ లేరు. ఆ కోటర్స్ కాళీయే."

చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.

శనివారం సాయంత్రం నా తలుపు చప్పుడైంది. తీస్తే ఆయనే, చేతిలో బియ్యం సంచి. "మొన్న మీరీ ఇంట్లోకి ఎల్లడం సూసేను. రెండు గుప్పిళ్ళే ఏసేనని మనసొప్పలేదమ్మా." నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో "కాసేపు కూకోవచ్చా? ఈ ఊళ్ళో మాటాడ్డానికి ఒక్కులూ తెల్దు" అన్నాడు. ఇక ఏం చెప్తాను? కుర్చీ వేశాను. బొబ్బిలి నుంచి వచ్చాడట. భార్యకి అక్కడే ఉద్యోగం, కదల్లేదు. టీ చల్లారిపోయేదాకా బొబ్బిలి కబుర్లే చెప్పాడు. టీవీ కట్టేసి మరీ విన్నాను.

లేస్తూ అడిగాడు. "ఇంతకీ మనది ఏ గుడండీ?"

"ఇంకా... కడతన్నారండీ."

"మంచిది. వారం వారం తెస్తానమ్మా" అని మళ్ళీ దండం పెట్టి వెళ్ళాడు.

అదండీ సంగతి. ఇప్పుడు నాకో భక్తుడున్నాడు. గుడి లేదు. దేవుడెవరో ఇంకా తేలలేదు. పూజారి మాత్రం ఆ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసింది!