మా బావ, మూడో పిన్ను

మా బావ పోయాడు. పోయిన నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ లేయలేదురా" అంది. ఏ పనైనా నిదానంగా చేసే మనిషి కదా, నేను మామూలుగానే, "లేస్తాడులే అక్కా, ఇంకా పొద్దెక్కలేదు గదా" అన్నాను. "లేయలేదురా" అంది అక్క మళ్లీ. అప్పుడు అర్థమైంది నాకు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మంచివాడు, పదిమందికి పనికొచ్చినవాడు అని ఊళ్లో అందరూ అంటున్నారు. నిజమే. కానీ ఆయనతో వేగడం ఎంత కష్టమో చెప్పకుండా మంచివాడని మాత్రమే చెప్తే అది మా బావ సంగతి కాదు, ఇంకెవరిదో అవుతుంది. నాకు ఆయన మీద ఉన్న విసుగు ఇంకా పూర్తిగా తీరలేదు.

ఐరాల దగ్గర మా ఊళ్లో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. మధ్యలో ఒక రోజు అర్జున తపస్సు. ఊరి బయట మిట్ట మీద ఎత్తయిన తపస్సు మాను నాటుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ దాని కొసకు ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తలకు పోసుకుని, తడిచీరలతో మాను చుట్టూ నేలమీద సాగిలపడి ఉంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ చేతికందితే కడుపు పండుతుందని నమ్మకం. చిత్తూరులో ఫోటో స్టూడియో నడుపుకునే నేను, ఏటా ఆ ఒక్క రోజుకు అర్జునుణ్ణి. మైకుసెట్టు మా బావది.

ఆయనకు పాల కేంద్రంలో ఉద్యోగం. మైకుసెట్టు మాత్రం ఆయన పిచ్చి. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని ఆంప్లిఫయరు, మిట్ట చుట్టూ కట్టడానికి పెద్ద పెద్ద స్పీకర్లు. తపస్సు రోజు నేను ఉపవాసంతో, ముఖానికి రంగు పూసుకుని, భుజాన విల్లు వేసుకుని ఎండలో నిలబడి ఉంటాను. మేళం వాళ్లు సిద్ధం. పూజారి సిద్ధం. మా బావ మాత్రం ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుని వైర్లు తడుముతూ ఉంటాడు.

"బావా, ఎక్కేదా?"

"ఉండప్పా."

"ఎంతసేపని ఉండేది? రంగు కారిపోతా ఉండాది."

"కారితే మళ్లా పూసుకోవచ్చు. ఆ ఆడోళ్లను సూడు, తడిబట్టల్తో నేల మింద పండుకోనుండారు. ఈ నేలకు కరెంటు దిగితే ఎవుర్ని లేపుతావు?"

విల్లు భుజం మార్చుకుని నిలబడేవాణ్ణి. ఆంప్లిఫయరు నేల మీద పెట్టకూడదు, చెక్కలు పరవాలి. దాని మీద ఏమీ కప్పకూడదు. ఒకసారి ఊరి పెద్ద ఎవరో భక్తి కొద్దీ పెట్టెకు పూలదండ వేస్తే, బావ దాన్ని తీసి ఆయన మెడలోనే వేసి, "దీనికి గాలాడల్ల" అన్నాడు. వైర్లు కలిపేటప్పుడు కరెంటు ఉండకూడదు. కలిపినచోట రాగి బయటికి కనపడకూడదు. వైరు నేల మీద పారకూడదు, గుంజల మీదుగా పోవాలి. స్పీకరు వైరే కదా బావా అంటే, "పెద్ద పెట్టెలోంచి వొచ్చే స్పీకరు వైరు గూడా కొడతాది" అనేవాడు. ఇదంతా అయ్యాక ఇనప పైపు నేలలోకి దిగ్గొట్టి, ఉప్పూ బొగ్గూ వేసి, తడి ఆరకూడదని బిందెతో నీళ్లు పోసి, ఎర్తు తీగ దానికి బిగించేవాడు. చివరికి అన్ని గుండీలూ సున్నాకు తిప్పి, ముందు మైకులు తగిలించే చిన్న పెట్టె, తర్వాత ఆంప్లిఫయరు ఆన్ చేసేవాడు. ఆపేటప్పుడు మళ్లీ తలకిందుల వరస. అప్పటికి నాకు ఆకలితో కళ్లు తిరిగేవి.

ఒక ఏడాది నగరి వైపు నుంచి హరికథ చెప్పే దాసుగారు వచ్చారు. కథ మొదలుపెట్టగానే స్పీకర్లలోంచి గుయ్యిమని సన్నటి శబ్దం. శ్రుతి నిలవడం లేదని ఆయన చిడతలు కింద పెట్టేశాడు. "మా తట్టు మైకాయన ప్లగ్గులో మూడో పిన్ను పీకేస్తాడప్పా. నిమిషంలో నిలిచిపోతాది" అన్నాడు. మూడో పిన్ను అంటే ఎర్తు పిన్ను, పెట్టెకు కరెంటు పాకితే మనిషికి కొట్టకుండా కాపాడేది. మా బావ ముఖం చూడాలి అప్పుడు.

"శబ్దం పోవల్లంటే వైరు జరపల్ల స్వామీ, పిన్ను పీకేది కాదు" అని, మొత్తం ఆపేసి, కరెంటు వైరు పక్కన పోయే మైకు వైరును విప్పి పందిరి అవతలి నుంచి తిప్పుకొచ్చాడు. ఆయన తిప్పుకొచ్చేలోపల ఆవులకు పాలు పిండాలని సగం మంది ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. గుయ్యిమనే శబ్దం పోయింది, కథ వినే జనమూ పోయారు. దాసుగారు మళ్లీ మా ఊరికి రాలేదు.

అక్క పరిస్థితి నాకన్నా కష్టం. పెరట్లో మల్లెపాదు వేసుకుంటానని ఆమె చోటు చూసుకుంటే, ఈయన అక్కడ ఇంటి ఎర్తుకు పైపు నాటించాడు. "మల్లెచెట్టడిగితే ఇనప పైపు ఇచ్చినాడురా నా మొగుడు. దానికి ఎండాకాలమంతా నీళ్లు గూడా నేనే పొయ్యల్లంట" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. చెప్పుకుంటూనే పోసేది.

ఒకసారి మాను దిగాక నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఇన్నేండ్లలో ఒక్కతూరైనా ఏమన్నా అయ్యిందా బావా? ఎందుకింత సేస్తావు?"

"కాలేదు కదా" అన్నాడు, అదే జవాబన్నట్టు. వైరు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. కాలిపోయిన వైరు అందరికీ కనిపిస్తుంది, కాలకుండా ఆపినవాడు ఎవరికి కనిపిస్తాడు? ఏటా ఆ ఆడవాళ్లు లేచి, చీర కొంగులు పిండుకుని, నిమ్మకాయలు ఒడిలో కట్టుకుని ఇళ్లకు పోయారు. ఒక్కరు మిగలకుండా అందరూ క్షేమంగా పోయారు.

బావ పోయిన రోజు ఆయన సెట్టును ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక, చిత్తూరు నుంచి వేరే మైకుసెట్టు తెప్పించారు. ఆ మైకతను వచ్చీ రాగానే వసారాలో ప్లగ్గు పెట్టేసి భక్తి పాట వేశాడు. పాట శుభ్రంగా వినిపించింది. బావకు స్నానం చేయించిన నీళ్లు వాకిలంతా పారుతున్నాయి. ఆడవాళ్లు ఆ తడిలోనే కూర్చుని ఉన్నారు. వైరు వాళ్ల మధ్య నుంచే పోయింది. బావ తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న అక్క ఉన్నట్టుండి ఏడుపు ఆపి వసారా వైపు చూసింది.

"ఆ ప్లగ్గుకు మూడో పిన్ను యాడప్పా?"

"పీకేసినాం పెద్దమ్మా. ఉంటే గుయ్యంటాది" అన్నాడు మైకతను.

"ఆపు."

పాట ఆగింది. రాహుకాలం వస్తోంది, ఎత్తాలి అని పెద్దవాళ్లు గొణిగారు. నేను కూడా, "అక్కా, ఇప్పుడా?" అన్నాను.

"బతికినన్నాళ్లూ అందర్నీ నిలబెట్టినాడు కదా" అంది అక్క. "ఇంకొంచేపు నిలబడండి."

నిలబడ్డాం. బావ రేకు పెట్టెలోంచి మంచి ప్లగ్గు తెచ్చి నేనే ఇచ్చాను. మైకతను దాన్ని బిగించాడు. వైరును తడిలోంచి తీసి బట్టలారేసే దండేనికి ఎత్తి కట్టాం. అక్క చెప్పకముందే పెరట్లోకి పోయి పైపు మొదట్లో బిందెడు నీళ్లు పోశాను. గుండీలు సున్నాకు తిప్పించి, ఆయన వరసలోనే వేయించాను. పాటతో పాటు గుయ్యిమని శబ్దం వచ్చింది. ఏ వైరు ఎటు జరపాలో మాలో ఒక్కరికీ తెలియలేదు. మైకతను నా ముఖం చూశాడు. పిన్ను జోలికి పోవద్దన్నాను. ఆ శబ్దంలోనే బావను ఎత్తుకున్నాం.

మేము కాటి నుంచి తిరిగి వచ్చేసరికి వాకిలి కడిగేసి ఉంది. పాట ఎప్పుడో అయిపోయింది. సెట్టు ఆపాలని ఎవరికీ తోచినట్టు లేదు. తలకు పోసుకున్న అక్క తడిచీరతోనే ఆ పెట్టె పక్కన నేలమీద కూర్చుని ఉంది. పెట్టె గుయ్యిమంటూనే ఉంది.