శనివారం అరిచే బ్రేకు

నంద్యాల సిగ్నల్ దగ్గర పక్కన ఏ కారు బ్రేకో కీచుమంటే, నా చేయి దానంతటదే కిటికీ అద్దం దించేస్తుంది. ముందు చక్రమా, వెనక చక్రమా అని చెవి ఒగ్గి వింటాను. ఆ వినడం నేర్పినవాడు మస్తాన్ అన్న. ఆళ్లగడ్డలో, నంద్యాల రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. ఆయన పోయి రెండేళ్లయింది. మెకానిక్కు కోసం ఇంత బెంగేమిటని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ.

అమ్మకు మూత్రపిండాలు చెడిపోయి, మంగళవారం, శనివారం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు డయాలసిస్‌కు తీసుకుపోయేవాణ్ణి. పాత కారు. కదిలితే ఎడమవైపు ముందు చక్రం గీరుకునేది. బ్రేకు నొక్కితే రంపంతో రేకు కోసినట్టు అరిచేది. ఇద్దరు మెకానిక్కుల దగ్గర బ్రేకు ప్యాడ్లు మార్పించాను. నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలు. ఒక శనివారం అమ్మ గడప దాటనంది.

"బండి వద్దంటాండాది నాయనా. నేను రాను."

ఒక్క పూట తప్పితే ఒళ్లంతా ఉబ్బిపోయే మనిషి. బస్సెక్కే ఓపిక లేదు. నాకసలే ముక్కు మీద కోపం. అరిచాను, బతిమాలాను, ఎలాగో ఎక్కించాను. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ నేరుగా మస్తాన్ అన్న షెడ్డు ముందు ఆపాను. అమ్మ కళ్లు మూసుకుని కారులోనే కూర్చుంది.

ఆయన పానా ముట్టలేదు. "ఎప్పుడు అరుస్తాంది?" అన్నాడు.

"ఎప్పుడూ."

"ఎప్పుడూ అరిసే బండి యాడా లేదప్పా. దినం చెప్పు."

ఆలోచిస్తే, శనివారం ఎక్కువ, మంగళవారానికి తగ్గిపోతోంది.

"శుక్రవారం ఏం చేస్తాండారు దీనికి?"

దిష్టి తగలకూడదని అమ్మ శుక్రవారం కర్పూరం వెలిగించి, ఆ చక్రానికే టెంకాయ కొట్టేది. అరుపు ముదిరాక ఒకటి కాస్తా రెండు చేసింది. మస్తాన్ అన్న చక్రం విప్పాడు. చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేనికీ, దాని వెనక రేకుకూ మధ్య చిప్ప పెంకు ఇరుక్కుని ఉంది. చక్రం సందుల్లోంచి లోపలికి పడి, తిరిగి తిరిగి అరిగి రాలిపోయేది. మళ్లీ శుక్రవారం, మళ్లీ కొత్త పెంకు.

ఆ పెంకు పట్టుకుని, "చూడు నీ భక్తి!" అనడానికి అమ్మ వైపు విసురుగా కదిలాను. మస్తాన్ అన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏందప్పా, సూదులు గుచ్చుకోని వచ్చిన మనిషికి ఇంగోటి గుచ్చుతావా?"

పెంకు తన జేబులో వేసుకుని ఆయనే కిటికీ దగ్గరికి పోయాడు. "పెద్దమ్మా, బండికి ఏ దోషమూ లేదు. టెంకాయ మాత్రం ముందర రాతిమీద కొట్టు. చక్రానికి కొడితే పెంకులు లోపలికి పోతాండాయి. శానామంది అట్లే చేస్తారు, నేనే చెప్తాంటాను."

"అట్లనా నాయనా, ఇన్నాళ్లూ తెలీకపాయె" అని అమ్మ నవ్వింది. ఆ నెలలో నేను చూసిన మొదటి నవ్వు అది.

తర్వాత అమ్మ ఏ శనివారమూ రాననలేదు. ఆఖరి వారం కూడా ఆ కారులోనే, భయం లేకుండా వచ్చింది. అది ఆయన పుణ్యమేనని చెప్పాలనుకున్నాను. కర్మకాండలు ముగిశాక చెబుదాంలే అనుకున్నాను. ఆలోపే ఆయనా పోయాడు.

ఎదుటివాళ్ల తప్పు చేతికి దొరికినప్పుడు ఒక్క క్షణం ఆగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అన్నిసార్లూ చేతకాదు. మాట జారి, ఇంట్లో ఎవరి ముఖమో చిన్నబోయిన రోజు మాత్రం, పట్టి ఆపే ఆ నూనె చేయి ఇక లేదే అని ఏడుపొస్తుంది.