గుగ్గిలం పూసిన డీజిల్ గొట్టం

నరసయ్య మేస్త్రీ చేతికింద డీజిల్ పని నేర్చుకున్నవాళ్లలో అందరికన్నా మొండివాణ్ణి నేనే. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆయనది కోవూరు. వరి పండించే ఇంట్లో పుట్టి, యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన కాలంలోనే స్పానరు పట్టాడు. 1961లో మా నెల్లూరు బస్సు షెడ్డు యజమాని పెట్రోలు బస్సులన్నీ తీసేసి డీజిల్ బస్సులు తెచ్చాడు. మద్రాసులో ఆ పని నేర్చుకొచ్చిన నరసయ్య మేస్త్రీని మాకు నేర్పమన్నాడు. మూడు నెలల్లో పని పట్టుబడనివాళ్లు షెడ్డులో ఉండరని ముందే చెప్పేశాడు. నాకప్పుడు ముప్పయ్యేళ్లు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. వాకాడు దగ్గర చేపలు పట్టే కుటుంబం మాది. పడవ వదిలి పదేళ్లుగా పెట్రోలు ఇంజన్లు బాగుచేస్తున్న నాకు ఇంకొకరు నేర్పేదేముందని నా పొగరు.

నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల్లేని ఇంజనేమిటని మొదటిరోజే నవ్వాను. మేస్త్రీ కోప్పడలేదు.

"గొట్టంలో రవ్వంత గాలి దూరినా బండి కదలదు మస్తానా. గాలే దీనికి శత్రువు" అన్నాడు.

గొట్టం మీది మర వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, బుడగలు ఆగాకే మళ్లీ బిగించమనేవాడు. అదే పని వందసార్లు చేయించాడు. నాకు విసుగొచ్చేది.

మూడో నెల చివర్లో వాకాడు బస్సుతో పోయాను. అక్కడ డీజిల్ గొట్టం అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. అతుకులో వెయ్యాల్సిన రాగి వాషరు సంచిలో లేదు. మా బావ మాలకొండయ్య పడవ దగ్గర్లో ఏటి ఒడ్డునే ఉంది. పడవ పలకల సందుల్లో మేము నూనెతో కాచిన గుగ్గిలం కూరుతాం, చుక్క నీరు రాదు. ఆ గుగ్గిలమే దారానికి పూసి, అతుకు చుట్టూ చుట్టి బిగించాను. బస్సు నెల్లూరు దాకా హాయిగా వచ్చింది. ఆ పూట నా అంత మొనగాడు లేడు.

మర్నాడు పొద్దున అదే బస్సు నిండా జనంతో దారిలో ఆగిపోయింది. గుగ్గిలం డీజిల్‌లో కరిగి, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల సన్న రంధ్రాలన్నీ మూసేసింది.

"ఎవడు చేసినాడీ పని? వాణ్ణి ఇప్పుడే పంపించెయ్ నరసయ్యా!" అని యజమాని కేకలేశాడు.

ఇంటికెళ్లి ఏం చెప్పాలో తెలియక తలొంచుకు నిలబడ్డాను. మేస్త్రీ జిగటగా ఉన్న నాజిల్ వాసన చూశాడు.

"అయ్యా, వాషరు లేకుంటే ఏం చెయ్యాల్నో నేను చెప్పలా. తప్పు నాది. పంపితే ముందు నన్ను పంపండి. గాలి దూరకూడదని వీడికి తెలిసింది, అందుకే మూసినాడు. గుగ్గిలం డీజిల్‌లో కరిగిపోతాదని తెలీదు, అంతే. నాకూ ఇప్పుడే తెలిసింది."

"సాయంత్రానికల్లా బండి కదలాల" అని యజమాని వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడ్చింది చాల్లే, నాజిళ్లు ఊడదీయి" అన్నాడు మేస్త్రీ. ఆ సాయంత్రానికి ఆరు నాజిళ్లూ కడిగి, బుడగ లేకుండా గాలి తీసి, బండి స్టార్టు చేశాను. నా ఉద్యోగం నిలిచింది.

మరుసటి ఏడు వేరే షెడ్ల నుంచి ఎనిమిది మంది మెకానిక్కులు నేర్చుకోవడానికి వచ్చారు. మొదటి పాఠం నన్నే చెప్పమన్నాడు మేస్త్రీ. గుగ్గిలం సంగతి చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన మాత్రం వాళ్ల మధ్య బల్ల మీద కూర్చుని, మొదటిసారి వింటున్నట్టు విన్నాడు.

అయిపోయాక లేచి, అందరి ముందూ నాతో, "రేపు కూడా నువ్వే చెప్పు మేస్త్రీ" అన్నాడు.