పౌనే తీన్ అంటే ఎంత?

నా చదువు పదో తరగతితోనే ఆగింది. కాంట్రాక్టర్ల దగ్గర కలప కొలుస్తూ లెక్కలు నేర్చుకున్నాను. అయినా ఇక్కడ అండమాన్‌లో, బాంబూఫ్లాట్‌లోని మా వీధి పిల్లలు సైన్సు, ఇంగ్లీషు, లెక్కల సందేహాలన్నీ మా వరండాకే తెస్తారు. ఇంగ్లీషు అడిగితే డిక్షనరీ తీస్తాను. లెక్కకైతే పెన్సిలు చాలు.

ఓ ఆదివారం పొద్దున పక్కింటి పదో తరగతి అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. ఓడల ఇంజనీరు కావాలని ఆ పిల్ల కోరిక.

"బాబాయ్, నాకు స్టాండర్డ్ మ్యాథ్స్ కష్టమంట. పరీక్షకి తేలిక పేపరు, బేసిక్ రాసుకోమన్నారు మేడమ్. రేపే ఫారం ఇవ్వాలి."

"బేసిక్ రాస్తే ఏటవుద్ది?"

"పదకొండులో మ్యాథ్స్ దొరకదంట. ఇంక ఇంజనీరేటి, జిందగీ అంతా ఫెర్రీలో టికెట్టు కొనుక్కుని కూర్చోడమే."

టీచరు నోటితో చెప్పి రాయించిన పరీక్ష కాగితం చూపించింది. పది లెక్కల్లో నాలుగు తప్పు. సరైన జవాబులు ఎర్ర సిరాతో పక్కనే ఉన్నాయి. గంటకు పన్నెండు కిలోమీటర్లు వెళ్ళే పడవ లెక్కకు ముప్పైమూడు రావాలి, ముప్పైతొమ్మిది రాసింది. తేడా ఆరు. గంటకు ఎనిమిది వెళ్ళే పడవకు ముప్పైఎనిమిది రావాలి, నలభైరెండు రాసింది. తేడా నాలుగు. పన్నెండులో సగం, ఎనిమిదిలో సగం. మిగతా రెండూ చూశాను. అన్నిట్లోనూ సరిగ్గా అరగంట ఎక్కువ. లెక్క రానివాళ్ళు ఇంత క్రమంగా తప్పు చేయరు.

"ఇక్కడ మేడమ్ టైము ఏమని చెప్పారు?"

"పౌనే తీన్ ఘంటే. మూడుంబావే కదా?"

నవ్వేశాను. హిందీలో పౌనే అంటే పావు తక్కువ. ఆ పిల్ల దాన్ని మన పావు అనుకుని మూడుకు కలిపేసింది. రెండుముప్పావు కావలసినది మూడుంబావు అయింది.

"అరే! హిందీ తప్పితే మ్యాథ్స్‌లో మార్కులు కోసేసారా?"

"ఇదే మేడమ్‌కి చెప్పు. ఇంకో పది లెక్కలు ఇమ్మను."

"తిడతారేమో."

"తిడితే హిందీలోనే కదా, సగం అర్థం కాదులే."

సోమవారం సాయంత్రం ఫెర్రీలోంచి ఫోను చేసింది. ఇంజను చప్పుడులో గట్టిగా అరుస్తోంది.

"తొమ్మిది కరెక్టు బాబాయ్! ఫారంలో స్టాండర్డ్ అని మేడమే టిక్ పెట్టారు!"

"మరి పదోది?"

"అదీ పౌనే వల్లే అని చెప్పనా?"

"నిజం చెప్పు."

"మైనస్ మర్చిపోయాను."

అది అసలైన లెక్కల తప్పు. ఇంటికి వచ్చాక దిద్దుకుందాం, రమ్మన్నాను.