నలభై ఒక్క అనాథలు

మంగళవారం పదకొండు గంటల పది నిమిషాలకు మొంగీ కీబోర్డు మీద 'సరే' నొక్కాడు. మరో రెండు నిమిషాలకు ఓడరేవు పట్టణం స్ఫాక్స్‌లోని మా పరీక్షాశాలలో ఆలివ్ నూనెకు ఆమ్లత లేకుండా పోయింది. ధ్రువపత్రం చక్కగానే అచ్చయింది. మిల్లు పేరు, తేదీ, ముద్ర వేసే చోటు అన్నీ ఉన్నాయి. ఆమ్లత శాతం గడి మాత్రం ఖాళీ.

"ఆమ్లత ఎంత తగ్గితే అంత మంచి నూనె కదా, ఇది మరీ మంచిదై ఉంటుంది," అన్నాను. పరీక్షలు చేసే హెదియా నవ్వలేదు.

మొంగీ ఇరవై రెండేళ్లుగా మా కంప్యూటర్లు చూస్తున్నాడు. గుమ్మం పక్కనున్న యూనిక్స్ యంత్రం తన ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నదేమో అన్నట్టు ఉంటాడు. అందులో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా తీయాలన్నా ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రామే చూసుకుంటుంది. దేనికి ఏది కావాలో దాని దగ్గర జాబితా ఉంది. ఎవరికీ అక్కర్లేనివాటిని 'అనాథలు' అంటుంది. ఆ మాట అరబ్బీలో తెర మీద కనబడిందంటే మొంగీ చెయ్యి ఆగిపోయేది. "నలభై ఒక్క అనాథలను తీసేయమంటారా?" అని అది అడగడం, "అనాథల జోలికి నేను పోనయ్యా" అంటూ ఈయన 'వద్దు' నొక్కడం. ఇలా పదకొండేళ్లు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మొన్న అక్టోబరులో ఆయన భార్య బహిజా పోయింది. మరదలు వచ్చి, "బావా, అక్క బట్టల పెట్టె ఎవరికైనా ఇచ్చేయనా? ఇక ఎవరికి కావాలి?" అంటే సరేనన్నాడు. ఆయన ఉన్ని బట్టలు కూడా ఆ పెట్టెలోనే ఉండేవని చలి మొదలయ్యాక తెలిసింది. మళ్లీ కొనుక్కోలేదు. పల్చటి చొక్కాతోనే వస్తాడు. చలేయట్లేదా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఏమో," అంటాడు.

ఆ మంగళవారం యంత్రంలో చోటు నిండిపోయింది. ధ్రువపత్రం కదలనంది. బయట హాజ్ బూరావి నూనె ట్యాంకరు ఆగి ఉంది. రెండింటికి ఓడరేవు గేటు మూస్తారు. కాగితం లేకపోతే ఆయన ఏడాది పంట ఒడ్డునే ఉండిపోతుంది. "ఆ అనాథల్ని పంపించెయ్యి, చోటొస్తుంది," అన్నది నేనే. ఇంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈసారి మొంగీ చెయ్యి ఆగలేదు.

పోయినవాటిలో లెక్కలు కట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. ధ్రువపత్రానికి ఆమ్లత కట్టిపెట్టేది అదే. అయితే ఆ ధ్రువపత్రం తీసే ప్రోగ్రామ్‌ను మొంగీ తన చేత్తో రాసి పెట్టాడు. మేనేజర్ ద్వారా రాలేదు కాబట్టి అలాంటిదొకటి ఉందనే దానికి తెలియదు. లెక్కల ప్రోగ్రామ్‌ను మళ్లీ పెట్టమంటే మేనేజర్ కొత్తరకం ఇచ్చింది. అది మొంగీ రాసినదానితో పొసగలేదు. పాతరకం ఇప్పుడు ఎక్కడా ఇవ్వడం లేదట.

హాజ్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమయ్యా మొంగీ, నా నూనె నువ్వే తాగేశావా ఏంటి? అంకె ఏదీ?"

"వెతుకుతున్నాను, హాజ్."

"వెతుకు, వెతుకు. ఆ ఓడ కెప్టెన్ మా మేనల్లుడు కాదు, నాకోసం ఆగడానికి!"

మొంగీ సొరుగులోంచి ఒక రేకు డబ్బా తీశాడు. ఎప్పుడో పండక్కి బహిజా మాకు ఖర్జూరం మిఠాయి పంపిన డబ్బా. ఇప్పుడు అందులో పాత సీడీలున్నాయి. ఏడోదానిలో పాతరకం దొరికింది. ఒంటిగంటా ఇరవైకి గడిలో 0.4 పడింది. హాజ్ కాగితం ఊపుకుంటూ ట్యాంకరు వైపు పరుగెత్తాడు. మొంగీ డబ్బాకు మూత పెట్టాడు. మళ్లీ తీసి వాసన చూశాడు. మళ్లీ పెట్టాడు.

హెదియా మాత్రం వదల్లేదు. "ఏంటి మొంగీ గారూ, పదకొండేళ్లు వద్దన్నారు. ఓడ బయల్దేరే రోజే సరేనంటారా?"

"ఈ చలికాలం ఎవరేం తీసేస్తామన్నా సరేనంటున్నానమ్మా."